గట్టయ్య కుడిచెయ్యి

"నేరస్థుడు ఏ ఊళ్లెనన్న పుట్టనీ, ఏ బావి నీళ్లన్న తాగనీ, ఆఖరికి వాడు చిక్కేది ఈ సోమనర్సయ్య పిడికిట్లనే."

ఇంత మాట అన్నప్పుడు సోమనర్సయ్య గడ్డం మంగలి పిడికిట్లో ఉంది. మంగలి కత్తి పక్కకు తీసి, మాట అయిపోయిందా అని అడిగి, మళ్లీ మొదలుపెట్టాడు. అలవాటైన పని.

రావులకుంట పాలకుర్తికి రెండు కోసుల దూరంలో ఉన్న చిన్న ఊరు. సోమనర్సయ్య తన ఇంటి గోడ మీద "అపరాధ పరిశోధకుడు" అని సుద్దతో పెద్ద అక్షరాలు రాసుకున్నాడు. ఆయన భార్య ఆ గోడ మీదనే పిడకలు కొట్టేది. పిడకలు ఎండి రాలిన రోజుల్లో మాత్రమే ఆయన వృత్తి ఏమిటో ఊరికి కనిపించేది.

ఆ విద్య ఆయనకు అబ్బిన తీరు వేరే కథ. రజాకార్లకు భయపడి ఊరికి ఊరే తరలిపోయిన ఏడాది, సోమనర్సయ్య సరిహద్దు దాటి బెజవాడ పక్కన ఒక శిబిరంలో ఎనిమిది నెలలు తలదాచుకున్నాడు. అక్కడ ఒక కిళ్లీకొట్టులో పన్నెండు డిటెక్టివు నవలలు దొరికాయి. కొట్టువాడు వాటిని వెనక నుంచి ఒక్కో కాగితం చింపి వక్కపొడి పొట్లాలు కట్టేవాడు. అందువల్ల నేరం ఎట్లా జరుగుతుందో, అనుమానం ఎట్లా పడాలో, కోటు కాలరు ఎప్పుడు పైకి లేపాలో సోమనర్సయ్యకు క్షుణ్ణంగా తెలుసు. నేరం చేసింది ఎవరో మాత్రం పన్నెండింట్లో ఒక్కదాంట్లో కూడా తెలియదు. దేవుడు మనుషులకు విద్యలు పంచేటప్పుడు చివరి కాగితాలు కూడా ఇస్తే ఏం పోయేదని ఎవరికైనా అనిపిస్తుంది.

లస్మయ్య వచ్చింది సరిగ్గా గడ్డం సగం గీసినప్పుడు. చిన్నప్పటి నుంచి సోమనర్సయ్యకు స్నేహితుడు. స్నేహమంటే అన్నీ భరించడమని ఎవరో చెప్పగా నమ్మి, ఇప్పటిదాకా భరిస్తూ వస్తున్నవాడు.

"నర్సన్నా, చెయ్యి పోయింది" అన్నాడు.

సోమనర్సయ్య సగం గీసిన గడ్డంతో లేచి, స్నేహితుడి రెండు చేతులనూ పట్టి పరీక్షగా చూశాడు. రెండూ ఉన్నాయి.

"నాది కాదే. మా బాపుది."

"మీ బాపు పోయి రెండేండ్లయె గద."

"బొమ్మదే, బొమ్మది" అన్నాడు లస్మయ్య. మంగలి తల తిప్పుకుని నవ్వాడు గానీ లస్మయ్య ముఖం చూసి నవ్వు మింగాడు.

లస్మయ్యది నకాషీల ఇల్లు. తాతల నుంచి వాళ్ల పని బొమ్మలు చేయడం. తేలికైన పొణికి కర్రను ఎముకల్లా చెక్కి, దాని మీద చింతగింజల జిగురులో కలిపిన రంపపు పొట్టును కండలా పట్టించి, పాత గుడ్డను చర్మంలా అతికి, సుద్ద పూసి రంగులు వేస్తారు. ఊరూరా కథలు చెప్పేవాళ్లు ఆ బొమ్మలు కొనుక్కుపోయి, ఆడించి కథ చెప్పేవారు. లస్మయ్య తండ్రి గట్టయ్య నలభై ఏళ్లు ఆ పనే చేశాడు. కథ చెప్పినవాడి పేరు ఊళ్లకు తెలుసు, కథలోని రాజుల పేర్లు తెలుసు, బొమ్మ చేసినవాడి పేరు అడిగినవాడు లేడు. తరలిపోయిన ఏడాది దారిలో జ్వరం తగిలి గట్టయ్య చనిపోయాడు. ఎవరిదో చేను గట్టున దహనం చేసి ముందుకు నడిచారు. ఇంటికి తిరిగి వచ్చింది ఆయన కళ్లద్దాలు, ఒక ఉడుత వెంట్రుకల కుంచె మాత్రమే.

పోలీసు యాక్షను అయి ఇప్పుడు ఏడాది దాటింది. రజాకార్లు పోయారు గానీ తుపాకులు పోలేదు. పగలు మిలిటరీ, చీకటి పడితే దళాలు. నలుగురు ఒకచోట కూర్చుంటే ఇటువాళ్లకూ అనుమానమే, అటువాళ్లకూ అనుమానమే. ఇక కథలెవరు వింటారు, బొమ్మలెవరు కొంటారు? అట్లాంటి రోజుల్లో బడిపంతులు యోహాను ఒక కబురు తెచ్చాడు. మానుకోటలో, అంటే మహబూబాబాదులో, పల్లెల పనితనం చూపించే ప్రదర్శన పెడుతున్నారట. ఒక్కో వస్తువు ముందు అట్ట మీద పేరు రాసి పెడతారట.

ఆ పేరు మాట లస్మయ్యను పట్టుకుంది. రెండు నెలలు కూర్చుని తండ్రి బొమ్మనే చేశాడు. మనిషంత బొమ్మ, పీట మీద కూర్చుని, కుడిచేత్తో కుంచె పట్టి చిన్న బొమ్మకు రంగు వేస్తుంటాడు. ఒంటి మీద నిజమైన ధోతి, నిండు చేతుల అంగీ, ముక్కు మీద నిజమైన కళ్లద్దాలు. యోహాను అట్ట మీద "గట్టయ్య, నకాషీ, రావులకుంట" అని ముత్యాల్లాంటి అక్షరాలు రాశాడు. రాస్తూ, చేసింది నువ్వు గదా, నీ పేరెందుకు రాయవద్దన్నవ్ అని అడిగితే, "నన్ను చేసింది ఆయన గద పంతులూ" అన్నాడు లస్మయ్య.

ఇప్పుడు ఆ కుడిచెయ్యి, మోచేతి నుంచి కింది భాగం, ఎండలో ఆరబెట్టిన చోటి నుంచి మాయమైంది. ఎల్లుండి తెల్లవారితే బండి జనగామ స్టేషనుకు పోవాలి. కొత్త చెయ్యి చెక్కడం ఒక పూట పని, కానీ ఈ మంచు రోజుల్లో జిగురు ఆరడానికి అయిదు రోజులు కావాలి. పైగా వాళ్ల ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. బొమ్మకు కళ్లు అన్నిటికన్నా చివర, దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి రాస్తారు. కళ్లు తెరిచేదాకా అది కర్రే. తెరిచాక దేవుడితో సమానం. అంగం తక్కువైన బొమ్మకు కళ్లు తెరవరు. ఈ నాలుగేళ్లలో చేతులు పోయిన మనుషులు కళ్లు తెరుచుకునే బతుకుతున్నారు కదా, బొమ్మకే ఈ నియమం ఎందుకో అని లస్మయ్యకు ఒకసారి అనిపించింది. అనిపించినందుకు వెంటనే లెంపలు వేసుకున్నాడు.

చెక్క చెయ్యి పోయిందని మిలిటరీ క్యాంపుకు పోయి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. మిగిలింది సోమనర్సయ్యే.

సోమనర్సయ్య కోటు తొడిగి, కాలరు లేపి, సగం గడ్డంతోనే వచ్చాడు. వాకిట్లో నులక మంచం మీద లస్మయ్య తల్లి ముత్తమ్మ గొంగడి కప్పుకుని ఎండకు కూర్చుని ఉంది. డెబ్భై ఏళ్ల మనిషి, చూపు మందగించింది. సోమనర్సయ్య ఆ మంచం పట్టె మీదనే కూర్చుని చుట్టూ కలియజూశాడు.

"ఇది సామాన్యమైన చౌర్యం కాదు. దీని వెనక ఒక భయంకరమైన మేధస్సు ఉంది" అన్నాడు, నవలల భాషలో.

"జర మంచం మీదికెల్లి లెవ్వు బిడ్డా, నులక తెగుతది" అంది ముత్తమ్మ.

లేచి నేరస్థలం పరిశీలించాడు. భూతద్దం లేనందున బొమ్మ ముక్కు మీది కళ్లద్దాలు తీసి తాను పెట్టుకున్నాడు. వాటిలోంచి ప్రపంచం కలిపిన జిగురులా కనిపించింది. కనిపించిన ప్రపంచంలోకి ఒక అడుగు వేసి, నిజమైన జిగురు కుండలో కాలు పెట్టాడు. లస్మయ్య భార్య మైసమ్మ కుండ పట్టుకుంటే, లస్మయ్య స్నేహితుణ్ని పట్టుకుని లాగాడు. ఊడివచ్చిన పాదం నేరుగా రంపపు పొట్టులో పడింది.

తరువాత మూల నుంచి ఒక వెంట్రుకల ఉండ తీశాడు. అందులో నల్లవి, తెల్లవి, గోరింటాకుతో ఎర్రబడినవి ఉన్నాయి. నేరస్థురాలు ఆడది అని, ఆమెకు ఒకేసారి ముగ్గురి వయసు ఉన్నదని తేల్చాడు. మైసమ్మ తలపట్టుకుంది. వాడకట్టు ఆడవాళ్లంతా దువ్వుకున్న వెంట్రుకలు ఉండ చుట్టి గోడ సందుల్లో దోపుతారని, మామ తలకు అతకడానికి ఇల్లిల్లూ తిరిగి తానే అడిగి తెచ్చానని, అందులో సోమనర్సయ్య భార్యవి కూడా ఉన్నాయని చెప్పింది. సోమనర్సయ్య తన భార్య పేరును అనుమానితుల జాబితాలో రాసి, కొంచెం ఆలోచించి కొట్టేశాడు.

ఎవరినైనా ప్రశ్నించాలి కాబట్టి మొదట యోహానును పిలిపించాడు. చెయ్యి పోయింది ఆదివారం పొద్దున. ఆ సమయంలో ఎక్కడ ఉన్నావంటే, ప్రార్థనలో ఉన్నానని, నలభై మంది చూశారని యోహాను నెమ్మదిగా జవాబిచ్చాడు.

"నలభై మంది ఒక్క తీరుగ చెప్తున్నరంటే దాన్ని ఏమంటరో ఎరికేనా? కుట్ర అంటరు" అన్నాడు సోమనర్సయ్య.

"బడి పిల్లలు ఎక్కం ఒప్పచెప్పినా కుట్రనే అంటవానె?" అని యోహాను నవ్వాడు. ఆ నవ్వు కూడా జాబితాకెక్కింది.

తరువాత టీక్యా. గూడూరు దిక్కు తండా మనిషి, అడవి నుంచి పొణికి కర్ర తెచ్చిచ్చేవాడు. అడవి అన్న మాట వినగానే సోమనర్సయ్య కళ్లు మెరిశాయి. చెయ్యిని లోపల తొలిచి రహస్య పత్రాలు పెట్టి భూపాలపల్లి అడవుల్లోని దళాలకు చేరవేస్తున్నారేమోనని ఊహ కట్టాడు. టీక్యా తలపాగా తీసి దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు.

"అన్నా, చెట్టుకు చెట్టే నేను మోసుకొచ్చి ఇచ్చిన. దాంట్లకెల్లి ఒక్క చెయ్యిని నేనెందుకు దొంగతనం చేస్త?"

తర్కం బాగానే ఉంది గానీ నవలల్లో తర్కం బాగున్నవాడే మొదటి అనుమానితుడు. సోమనర్సయ్య జేబులోంచి కాగితం తీసి, క్యాంపుకు ఒక చిట్టీ రాస్తే మంచిదేమో అన్నాడు. లస్మయ్య ఒక్క అడుగులో వచ్చి ఆ కాగితం లాక్కున్నాడు. ఆ రోజుల్లో ఒక పేరు కాగితం మీద పడితే మనిషి ఇంటికి తిరిగివస్తాడో లేదో చెప్పేవాళ్లు లేరు.

"మా బాపు చెయ్యి దొరకకపోతె పీడవాయె. నువ్వు మాత్రం ఎవ్వని పేరు రాయకు నర్సన్నా. నా మీద ఒట్టు" అన్నాడు. సోమనర్సయ్య బిత్తరపోయాడు. ఆయనకు తెలిసిన నవలల్లో అనుమానితుడికి భార్యాపిల్లలు ఉండరు. ఎదురుగా టీక్యా ఉన్నాడు, ఇంటి దగ్గర భార్య సీతాబాయి ఎదురు చూస్తుంటుందని అంటున్నాడు. సోమనర్సయ్య పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, ఒట్టు వేసి, టీక్యాకు బీడీ ఇచ్చి పంపించాడు.

సాయంత్రం గొప్ప ఆధారం దొరికింది. వాకిట్లోంచి వీధిలోకి పొట్టు అంటిన ఒంటి పాదం అచ్చులు. సోమనర్సయ్య వంగి, ముక్కు నేలకు ఆనించి, ఆ అచ్చులను వెంబడించాడు. అవి మంగలి ఇంటి మీదుగా మలుపు తిరిగి, నీళ్ల గోలెం దాటి, పిడకల గోడ పక్క నుంచి ఆయన ఇంట్లోకే పోయాయి. నేరస్థుడు తన ఇంటికే వచ్చిపోయాడని, ఎంత తెగించాడో చూడమని ఆయన భార్యకు చెబితే, ఆమె ఆయన కాళ్ల వంక చూసి, కడుక్కుని లోపలికి రమ్మంది.

అందరినీ అడిగావు గదా, మా అవ్వను కూడా ఒక మాట అడుగుదామా అని లస్మయ్య మరునాడు పొద్దున అన్నాడు. ముత్తమ్మ రోజంతా వాకిట్లోనే కదా ఉండేది. సోమనర్సయ్య జాలిగా నవ్వాడు.

"పన్నెండు పుస్తకాలు చదివిన. ఒక్కదాంట్ల గూడ అవ్వ దొంగతనం చెయ్యలె."

చివరి కాగితాలు లేని సంగతి లస్మయ్యకు తెలుసు. కానీ అప్పుడు అతని ధ్యాస అంతా బొమ్మ మీద ఉంది. చెయ్యి లేకుండా, కళ్లు లేకుండా, తండ్రి పీట మీద కూర్చుని ఉన్నాడు. ఈసారి కూడా పేరు లేకుండానే పోతాడా అనిపించి, ఎవరూ చూడకుండా కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

సోమనర్సయ్య అది చూడనే చూశాడు. ఎంత అయోమయం మనిషైనా స్నేహితుడి కన్నీళ్లు పోల్చుకోలేనంత కాదు. ఇక ప్రాణాలకు తెగించి పొంచి ఉండటమే మార్గమని, నేరస్థుడు నేరస్థలానికి తిరిగి రాక తప్పదని చెప్పి, ఇంటి వెనక కంచెలో దూరాడు. ఆ కంచె నిండా అల్లుకున్న తీగ దూలగొండి. దాని కాయల నూగు ఒంటికి తగిలితే ఏమవుతుందో రావులకుంటలో మేకలకు కూడా తెలుసు. ఎనిమిది నెలలు బెజవాడలో ఉండి రావడం వల్లనో, మేధస్సు పైన ఎక్కడో ఉండటం వల్లనో సోమనర్సయ్యకు గుర్తు రాలేదు.

కొద్దిసేపటికి కంచె ఊగింది. తరువాత కంచెలోంచి సోమనర్సయ్య వచ్చాడు. కోటు ఒక దిక్కు, అంగీ ఒక దిక్కు విసిరేసి, వాకిట్లో గుండ్రంగా తిరుగుతూ, చేతులకు అందినంత మేర గోక్కుంటున్నాడు. వీపు నడుమ మాత్రం అందడం లేదు. మైసమ్మ దురదకు పూయడానికి పెండ తెస్తానని పశువుల కొట్టంలోకి పరిగెత్తింది. లస్మయ్య నీళ్లకు పోయాడు.

"ఇటు రా కొడుకా, ఇటు కూసో" అంది ముత్తమ్మ.

సోమనర్సయ్య వచ్చి మంచం ముందు చతికిలపడ్డాడు. ముత్తమ్మ గొంగడి కిందికి చెయ్యి పోనిచ్చి ఏదో తీసి, ఆయన వీపు నడుమ బరబర గోకింది. సోమనర్సయ్య కళ్లు అరమూతలు పడ్డాయి.

"జర కిందికి అవ్వా. ఆఁ, గాడనే. జర ఎడమకు." హాయి కలగగానే మేధస్సు మేలుకుంది. నీళ్ల బిందెతో వచ్చిన లస్మయ్యకు విషయం వివరించసాగాడు. "చూడు లస్మన్నా, నా అంచనా ప్రకారం ఆ చెయ్యి ఇప్పుడు ఇక్కడికి ఏడు కోసుల దూరంల ఉంటది. మనకు చిక్కకుండ చేతులు మారుతుంటది. ఇంకొంచెం మీదికి అవ్వా."

లస్మయ్య కదలలేదు. బిందె వంగి నీళ్లు పాదాల మీద పోతున్నాయి. స్నేహితుడి వీపు మీద పైకీ కిందికీ పోతున్నది అయిదు వేళ్లు. అందులో చిటికెన వేలు వంకర. ఎప్పుడో ఉలి తగిలి వంకరపోయిన వేలు. తాను చెక్కిన వేలు.

"ఏందవ్వా గది?" అన్నాడు చివరికి.

ముత్తమ్మ గోకడం ఆపింది. చేతిలోని చెయ్యి వంక చూసుకుంది. "మీ బాపుది" అంది.

"ఆగకు అవ్వా" అన్నాడు సోమనర్సయ్య, ఇంకా కళ్లు తెరవకుండానే.

పెండ తట్టతో వచ్చిన మైసమ్మ కూడా అక్కడే నిలబడిపోయింది. ఎందుకు చెప్పలేదవ్వా, ఊరంతా పరేషాన్ అయితిమి గదా అని లస్మయ్య మెల్లగా అడిగాడు.

"నన్ను అడిగితిరా? నర్సిగాడు అందర్ని అడిగె. తండా మనిషిని గూడ పిలిపించె. నన్ను అడగలె" అంది ముత్తమ్మ. తరువాత గొంతు తగ్గించింది. "నువ్వు కండ్లు తెరిస్తే మల్ల నన్ను ముట్టనిస్తవా బిడ్డా? దీపం పెడ్తవ్, దండం పెడ్తవ్, మానుకోట తీస్కపోతవ్. అది మందిది అయితది. కండ్లు తెరవక ముందు కట్టెనే గద అనుకున్న. నాలుగు దినాలు నా కాడ ఉంచుకుందమనుకున్న. పొద్దుగూకితే నా వీపు గోకెటోడు మీ బాపు. నువ్వు ఏలు గూడ అట్లనే వంకర పెడ్తివి. నేనేం జేస్త?"

అప్పుడు సోమనర్సయ్య కళ్లు తెరిచి, వెనక్కి తిరిగి, చెయ్యిని చూశాడు. ముత్తమ్మను చూశాడు. నెమ్మదిగా లేచి, పెండ పూయడానికి సిద్ధంగా ఉన్న మైసమ్మ ముందే కోటు తొడుక్కుని, కాలరు లేపాడు.

"నేను మొదటి నుంచి అనుమానించినట్టే అయింది" అన్నాడు.

లస్మయ్య ఆ పూట కూర్చుని ఒక పని చేశాడు. చెయ్యిని మోచేతి దగ్గర జిగురుతో అతకాలనుకున్నవాడు, అతకకుండా కర్ర చీల పెట్టాడు. తిప్పి లాగితే వస్తుంది, తోస్తే కూర్చుంటుంది. అంగీ చెయ్యి కిందికి దింపితే అతుకు కనిపించదు. కళ్లు తెరిచిన తరువాత అవ్వ దాన్ని ముట్టవచ్చునా అన్నది మాత్రం తేలలేదు. పెండ్లాం మొగుడి చెయ్యి పట్టుకుంటే తప్పని ఏ శాస్త్రంలోనైనా ఉందా అని గుడి అయ్యగారిని అడుగుదామనుకున్నాడు. ఉందంటాడేమోనని అడగలేదు.

బొమ్మను గడ్డిలో, పాత చీరల్లో చుట్టి బండికెత్తారు. ముత్తమ్మ, సోమనర్సయ్య, యోహాను కూడా వెంట రాగా జనగామలో రైలెక్కించారు. కాజీపేటలో మారేటప్పుడు చుట్టలోంచి పాదం బయటికి వస్తే, టికెట్ బాబు మనిషికి ఒక టికెట్ తక్కువుందని కాసేపు తగాదా పెట్టుకున్నాడు. మానుకోటలో డేరా కింద పీట వేసి గట్టయ్యను కూర్చోబెట్టారు. లస్మయ్య దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తండ్రి కుంచెతోనే తండ్రికి కళ్లు రాశాడు. రాసి, కళ్లద్దాలు పెట్టి, వెనక్కి జరిగి మొక్కాడు. ముత్తమ్మ మొక్కలేదు. "వచ్చినవా" అంది, అంతే.

మూడు రోజులు జనం వచ్చి చూశారు. సోమనర్సయ్య పక్కనే నిలబడి, ఆ చేతిని తాను ప్రాణాలకు తెగించి ఎట్లా సాధించిందీ వచ్చినవాళ్లకు వచ్చినట్టు చెప్పాడు. చెబుతూ చెబుతూ వీపు గోక్కునేవాడు. సాయంత్రం డేరా తెరలు దించగానే ముత్తమ్మ చీల తిప్పి చెయ్యి తీసుకుని బొమ్మ వెనకనే పడుకునేది. పొద్దున తెర లేపకముందే మళ్లీ పెట్టేది.

మూడో రోజు పొద్దున మాత్రం ఆమెకు వేళకు మెలకువ రాలేదు. తెర లేచింది. ప్రదర్శన పెట్టిన అధికారి ఒకాయన నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి, బొమ్మకు కుడిచెయ్యి లేకపోవడం చూసి కంగారుపడ్డాడు. నిమిషంలో జనం పోగయ్యారు. ఎవరి బొమ్మ, ఎవరిదీ అని వెనకవాళ్లు అడుగుతుంటే, ముందువాళ్లు అట్ట మీదికి వంగి చదివి చెబుతున్నారు. గట్టయ్య అంట. నకాషీ గట్టయ్య. రావులకుంట గట్టయ్య.

సోమనర్సయ్య గొంతు సవరించుకుని కాలరు లేపాడు. "ఎవ్వరు కదలొద్దు. ఇది సామాన్యమైన చౌర్యం కాదు" అన్నాడు. అని, నేరుగా పోయి యోహాను పంతులును ఆదివారం ఎక్కడున్నావని అడగడం మొదలుపెట్టాడు.

లస్మయ్య బొమ్మ వెనక్కి తొంగిచూశాడు. గొంగడి ముసుగు కింద అవ్వ హాయిగా నిద్రపోతోంది. వంకర చిటికెన వేలు ఒకటి బయటికి కనిపిస్తోంది. ఒక్క మాట చెబితే గొడవ సద్దుమణుగుతుంది. కానీ డేరా అవతల నుంచి ఇంకా జనం వస్తున్నారు. వచ్చిన ప్రతివాడూ ముందు ఆ అట్ట చదువుతున్నాడు, చదువు రానివాళ్లు పక్కవాళ్లతో చదివించుకుని తామూ ఆ పేరు ఒకసారి అనుకుంటున్నారు.

లస్మయ్య గొంగడి కొంగు జరిపి ఆ వేలు మీద కప్పాడు. కప్పి, స్నేహితుడి దగ్గరికి పోయి, "జర తొందరపడకు నర్సన్నా. మంచిగ, నిదానంగ పరిశోధించు" అన్నాడు.